లెక్క తప్పిన చోటు

వ్యాసం వ్రాసేవాడు ఒక్కడే అయినా ‘మేము’ అని వ్రాసుకోవడం మాకు మొదటినుంచీ అలవాటు. ఒకటిని ఒకటికంటె ఎక్కువ చేసి చెప్పడం లెక్కప్రకారం తప్పే. కాని ఈ నెల చెప్పదలచినది అంతకంటె పెద్ద తప్పు. ముప్పై యేళ్ళపాటు కడుపులో దాచుకొన్నది. మా అమ్మాయి పుణ్యమా అని బయటపడింది.

మొన్న శ్రావణమాసంలో జరిగిన సంగతి. అమ్మాయి ఇక్కడే బరంపురంలో బి.కాం. మొదటి సంవత్సరం చదువుతున్నది. ఆ సాయంత్రం కాలేజీనుంచి వచ్చి, పుస్తకాల సంచీ గుమ్మం దగ్గరే పడవేసి, కాఫీ అయినా త్రాగకుండా పెరట్లో నూతి గట్టు మీద కూర్చున్నది. మా అమ్మ వెళ్ళి, “ఏటే అమ్మా, ఏటయింది?” అంటే పలకలేదు. భోజనాల వేళ, కంచంలోకి చూస్తూ, మెల్లగా అన్నది:

“రేపటినుంచి కాలేజీకి వెళ్ళను నాన్నా. ఏదైనా కొట్లో పనికి కుదురుతాను. ఇంట్లోకి నాలుగు డబ్బులు వస్తాయి.”

గుచ్చి గుచ్చి అడిగితే అసలు సంగతి తేలింది. క్లాసులో మాష్టారు నల్లబల్ల దగ్గరకు పిలిచి, 800 రూపాయల సరుకు మీద పన్నెండున్నర శాతం తగ్గింపు ఎంతో వేయమన్నారట. సుద్దముక్క చేతిలో పట్టుకొని నిలబడిపోయిందట. చెవుల్లో హోరు, అరచేతుల్లో చెమట, బల్లమీది అంకెలు కనిపిస్తున్నాయి గాని వాటికి అర్థం లేదు. “ఐదో తరగతి పిల్లలు చేసే లెక్క ఇది” అన్నారట మాష్టారు. వెనక బెంచీలవాళ్ళు నవ్వారట.

మా అమ్మ మజ్జిగ పోస్తూ వింటున్నది. ఆవిడ మూడో తరగతితో బడి మానేసిన మనిషి. “నూటికి పన్నెండున్నర అంటే రూపాయికి బేడ కదే! ఎనిమిది బేడలు రూపాయి. ఎనిమిది వందలకి వంద” అన్నది, గరిటె దించకుండానే.

1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలని ప్రభుత్వం మార్చినప్పుడు ఆవిడ పసిపిల్ల. అయినా అణాలు, బేడలు, పావలాలు వాళ్ళమ్మ నోటినుంచి ఆవిడ నోటికి వచ్చాయి. పావలా కాసు 2011లో చెలామణీనుంచి పోయింది గాని, ఆవిడ నోట ఇంకా చెల్లుతూనే ఉన్నది. పదహారణాల్లో రెండణాలు బేడ, అంటే ఎనిమిదో వంతు. శాతమనే మాట తెలియకపోయినా ఆ వంతు ఆవిడకు తెలుసును.

అమ్మాయి నవ్వుతుందనుకొన్నాము. నవ్వలేదు. “నాన్నమ్మకి కూడా వచ్చు. నాకొక్కదానికే రాదు” అని కంచం వదిలి లేచిపోయింది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. లెక్క రాలేదని కాదు. “ఇంట్లోకి నాలుగు డబ్బులు వస్తాయి” అన్న ఆ మాట. అది మేము వాడిన మాటే.

1995లో మేము మెట్రిక్ ప్యాసయినప్పుడు మా ఇంట్లో పండుగ చేశారు. నాన్నగారు బట్టల కొట్లో గుమాస్తా. అమ్మ చెవుల దుద్దులు తాకట్టు పెట్టి మమ్మల్ని ప్లస్‌టూ కామర్సులో చేర్చారు. మెట్రిక్‌లో లెక్కలు ఎలా గట్టెక్కామో మాకే తెలుసు. ప్రశ్న చూసి సూత్రం గుర్తు తెచ్చుకోవడం, సూత్రంలో అంకెలు గ్రుచ్చడం. భిన్నం అంటే ఏమిటో, శాతం ఎక్కడినుంచి వచ్చిందో ఎరుగము. కాలేజీలో అదంతా తెలుసుననే అనుకొని పాఠం మొదలుపెట్టారు, అదీ ఇంగ్లీషులో. నెల తిరిగేసరికి లెక్కల గంట వస్తే కడుపులో నొప్పి పుట్టేది. రెండో నెలలో ఆ గంటకు బయట చెట్టుక్రింద కూర్చొనేవాళ్ళం. మూడో నెలలో మొత్తం మానేశాము.

నాన్నగారితో ఏమి చెప్పాము? “ఇంట్లో ఇబ్బందిగా ఉంది. నేను పనిలో చేరితే నాలుగు డబ్బులు వస్తాయి” అని చెప్పాము. ఆయన వద్దన్నారు, కోప్పడ్డారు. రెండు రోజుల తరువాత తల వంచుకొని ఊరుకొన్నారు. మేము గొప్ప త్యాగం చేసినట్లు చుట్టాలందరూ మెచ్చుకొన్నారు. ఆయన మాత్రం 2008లో పోయేదాకా, ఎవరు ఇంటికి వచ్చినా, “వాడు చదువుకొనేవాడేనండీ, నేనే చదివించలేకపోయాను” అనేవారు. మేము ఆ మాట పక్కగదిలోంచి వింటూ ఉండేవాళ్ళం. ఒక్కసారైనా బయటికి వచ్చి, అది కాదని చెప్పలేదు.

లెక్కల భయం అంటే ఏదో పిల్లల సంగతి అని నవ్వేవారికి దాని ఖరీదు తెలియాలని ఇది వ్రాస్తున్నాము.

మరునాడు అమ్మాయితో ఒక ఒప్పందం చేసుకొన్నాము. మూడు నెలలు మానడం గురించి మాట్లాడకూడదు. రోజూ రాత్రి భోజనాలయ్యాక వసారాలో అరగంట కూర్చోవాలి. గడియారం ఎదుట ఉండకూడదు. తప్పు చేస్తే ఎవరూ “ఇదీ రాదా” అనకూడదు. అన్నవారు మరునాడు అంట్లు తోమాలి. ఈ చివరి షరతు మా అమ్మ పెట్టింది. మొదటి వారంలోనే ఆ శిక్ష మాకు పడింది.

ఎక్కడినుంచి మొదలుపెట్టడం? కాలేజీ పుస్తకంనుంచి కాదని మాకు మా అనుభవం చెప్పింది. వెనక్కి నడిచాము. వడ్డీలు రావు, శాతాలు రావు కనుక. శాతాలు రావు, భిన్నాలు రావు కనుక. భిన్నాలు రావు, భాగహారం రాదు కనుక. అలా మెట్టు మెట్టు దిగుతూ పోతే, రెండంకెల సంఖ్య విని వ్రాయమన్నప్పుడు కూడా ఒక్క క్షణం బెదురుతున్నదని గమనించాము. ఎందుకమ్మా అని అడిగితే చాలాసేపటికి చెప్పింది.

రెండో తరగతిలో టీచరు అంకెలు చెప్పి వ్రాయిస్తున్నారట. “అణచాళిశ” అన్నారట. చాళిశ అంటే నలభై అని పిల్లకు తెలుసు. తెలుగులో నలభై మాట వినిపిస్తే సంఖ్య నలభైల్లోనే ఉంటుంది కదా. పిల్ల 49 వేసింది. కాని ఒడియాలో అణచాళిశ అంటే నలభైకి ఒకటి తక్కువ, 39. నలభై తొమ్మిదిని అణచాశ అంటారు, యాభైకి ఒకటి తక్కువ అన్నమాట. పలకమీద దెబ్బ, అందరిలో నవ్వు. ఆనాటినుంచి సంఖ్య వినబడితే ముందు భయం, తరువాత అంకె.

1936లో ఒడిశా ఏర్పడి గంజాం మద్రాసు రాజధానినుంచి ఇటు వచ్చినప్పటినుంచీ మన ఇళ్ళలో పిల్లలు రెండు భాషల్లో లెక్కపెట్టడం నేర్చుకొంటున్నారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇప్పుడు కాలేజీలో ఇంగ్లీషు మూడోది. రెండు భాషలు వచ్చునని మనం గర్వంగా చెప్పుకొంటాము. మధ్యలో ఒక అంకె దారి తప్పితే ఎవరమూ చూడము.

మా అమ్మ అంతా విని, “నలభైకి ఒకటి తక్కువ అనడం మంచిదే కదే. నేను బజార్లో అలాగే కదా లెక్కేస్తాను” అన్నది. కిలో ముప్పై తొమ్మిది చొప్పున ఆరు కిలోలు: ఆరు నలభైలు రెండు వందల నలభై, అందులో ఆరు తీసేస్తే రెండు వందల ముప్పై నాలుగు. అమ్మాయి కాగితం మీద నిలువుగా హెచ్చవేసి చూసింది. 234. ఇంకొకటి వేసింది. ఇంకొకటి. తనను కొట్టించిన మాటే తనకు దారి చూపించిందని దానికి అర్థమైన క్షణం మేము చూశాము. ఆ రాత్రి అరగంట కాదు, గంటన్నర కూర్చున్నాము.

ఎక్కాలు మళ్ళీ మొదలుపెట్టాము, తెలుగులోనే. పద్దెనిమిదేళ్ళ పిల్ల “ఏడేళ్ళు నలభై తొమ్మిది, ఏడెనిమిదులు యాభై ఆరు” అని చదువుతుంటే పక్కింటివారు గోడమీంచి తొంగి చూశారు. మొదట సిగ్గుపడింది. తరువాత మా అమ్మ గొంతు కలిపింది. గుర్తులేని ఎక్కాన్ని తెలిసిన ఎక్కంలోంచి లాగడం నేర్చుకొన్నది. ఏడెనిమిదులు మరచిపోతే, ఏడేళ్ళకు ఇంకొక ఏడు కలుపుకోవడమే.

భిన్నాలకు వంటింట్లోకి పోయాము. సగమూ మూడో వంతూ కలిపితే ఎంత అంటే, పైవి పైకి, క్రిందివి క్రిందికి కలిపి ఐదింట రెండు వంతులు అన్నది అమ్మాయి. మేమూ ఆ రోజుల్లో అలాగే వేసేవాళ్ళం. మా అమ్మ ఒక అట్టును ఆరు సమాన ముక్కలు చేసింది. సగం అంటే మూడు ముక్కలు, మూడో వంతు అంటే రెండు. వెరసి ఐదు ముక్కలు, ఆరింట ఐదు. “ఐదింట రెండు అంటే సగంకంటె తక్కువ. సగానికి ఇంకొంచెం కలిపితే సగంకంటె తగ్గుతుందా అమ్మా?” అని అడిగితే అమ్మాయి నవ్వింది. లెక్కలో తప్పు చూసి అది నవ్వడం అదే మొదలు.

అమ్మ దగ్గర పాత ఇత్తడి కొలతలున్నాయి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. బియ్యం పోసి చూపించింది. తవ్వా సోలా కలిస్తే మానికలో ముప్పావు. గిద్ద మానికలో పదహారో వంతు. నాలుగు రాత్రులు బియ్యం పోయడం, ఎత్తడం. ఐదో రాత్రి బియ్యం అక్కర లేకపోయింది.

వడ్డీ సంగతి మా అమ్మే చెప్పింది. ఐదు వేలు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అయితే నెలకు వంద, ఏడాదికి పన్నెండు వందలు. అదే కాలేజీ పుస్తకంలో ఇరవై నాలుగు శాతం అని ఉంటుంది. పేరు వేరు, లెక్క ఒకటే.

“సెల్‌ఫోనులో లెక్కల యంత్రం ఉండగా ఈ అవస్థ ఎందుకు?” అని మా బావగారు అడిగారు. అమ్మాయే జవాబు చెప్పింది. ఒకనాడు ఫోనులో చుక్క నొక్కడం మరచి 800 మీద పన్నెండున్నర శాతానికి బదులు నూట ఇరవై ఐదు శాతం వేసిందట. వెయ్యి అని వచ్చింది. “ఎనిమిది వందల సరుకు మీద వెయ్యి తగ్గిస్తే కొట్టువాడే నాకు రెండు వందలు ఎదురివ్వాలి కదా మామయ్యా! ఆ మాట ఫోను చెప్పదు” అన్నది. లెక్క చేసేముందు జవాబు ఏ మాత్రం ఉండవచ్చునో ఉజ్జాయింపుగా అనుకోవాలి అన్నది మేము పెట్టిన నియమం. ఇది అప్పటికి దానికి అలవాటయింది.

ఆపైన మేము ఆఫీసులో నేర్చుకొన్నది నేర్పాము. ఉద్యోగంలో చేరిన కొత్తలో రోజు చివర మొత్తాలు కలవకపోతే మాకు చెమటలు పట్టేవి. మా పెద్ద గుమాస్తాగారు ఒకనాడు పక్కన కూర్చోబెట్టుకొని, “తేడా ఎంత?” అని అడిగారు. ఇరవై ఏడు అన్నాము. “తొమ్మిదితో పోతుందా?” అన్నారు. పోతుంది, మూడుసార్లు. “అయితే ఎక్కడో రెండంకెలు తారుమారు చేశావు. వెతుకు” అన్నారు. వెతికితే 63కు బదులు 36 వేసి ఉన్నాము. పక్కపక్క అంకెలు తిరగబడితే తేడా ఎప్పుడూ తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది. తేడా తొమ్మిదితో పోయినంతమాత్రాన తప్పు అదేనని నిశ్చయం కాదు గాని, ముందు వెతకవలసిన చోటు అది.

ఆ రోజు మాకు తెలిసినది తొమ్మిది సంగతి ఒక్కటే కాదు. తప్పుకు ఒక ఆకారం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది, అది మన పాపఫలం కాదు అని తెలిసింది. ఎవరూ నవ్వకుండా పక్కన కూర్చొన్న మనిషి ఒక్కరు దొరికితే చాలు. మాకు ఆయన కాలేజీలో దొరికి ఉంటే!

హెచ్చవేతకు కూడా తొమ్మిది పరీక్ష ఉన్నది. 47ను 8తో హెచ్చిస్తే 376. నాలుగూ ఏడూ పదకొండు, ఒకటీ ఒకటీ రెండు. రెండెనిమిదులు పదహారు, ఒకటీ ఆరూ ఏడు. ఇటు మూడూ ఏడూ ఆరూ పదహారు, అదీ ఏడే. సరిపోకపోతే లెక్క తప్పినట్లే. జవాబులో అంకెలు తారుమారైతే మాత్రం ఈ పరీక్షకు దొరకదు. దానికి ఉజ్జాయింపే కాపలా.

ఒకనాడు సున్నతో భాగించడం దగ్గర అమ్మాయి తప్పు చేసి మళ్ళీ బిక్కమొగం వేసింది. అప్పుడు మహావీరాచార్యుల సంగతి చెప్పాము. తొమ్మిదో శతాబ్దంలో, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, కన్నడదేశంలో గణితసారసంగ్రహం వ్రాసిన మహానుభావుడు ఆయన. దానిని మన పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంతటి మహావీరాచార్యుడు, ఒక సంఖ్యను సున్నతో భాగిస్తే ఆ సంఖ్య మారకుండా ఉంటుందని వ్రాశాడు. అది తప్పు. సున్నతో భాగించడానికి అర్థమే లేదని నేటి గణితం చెబుతుంది. “ఆయన్ని ఎవరూ బల్ల దగ్గర నిలబెట్టి నవ్వలేదా?” అన్నది అమ్మాయి. నవ్వలేదు కాబోలు; వెయ్యేళ్ళు దాటినా గౌరవంగానే చెప్పుకొంటున్నాము.

1972లో అమెరికాలో ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు లెక్కల భయాన్ని కొలవడానికి 98 ప్రశ్నల పట్టిక తయారుచేశారు. ఆ తరువాత పరిశోధించినవారు చెప్పినది ఇది. లెక్క చేస్తున్నప్పుడు మనస్సు మధ్య అంకెలను చిన్న పలకమీద వ్రాసుకొన్నట్లు పట్టుకొంటుంది. భయం ఆ పలకలో చోటు ఆక్రమించుకొంటుంది. అంకెలకు చోటు మిగలదు. చేతకాక భయపడేవారు ఉన్నారు, భయపడి చేతకానివారూ ఉన్నారు. మా అమ్మాయి రెండో రకమని తేలింది. మేమూ అదే రకం కాబోలు.

కార్తీకంలో ఒక రాత్రి చక్రవడ్డీ దగ్గర ఆగిపోయి అమ్మాయి కాగితం నలిపి పారేసింది. “నువ్వు రోజూ ఆఫీసులో ఇవే చేస్తావు నాన్నా. నీకు భయమంటే ఏం తెలుసు?” అన్నది. అప్పుడు చెప్పేశాము. కడుపునొప్పి, చెట్టుక్రింద కూర్చోవడం, నాలుగు డబ్బుల మాట, అంతా. మా అమ్మ అక్కడే ఒత్తులు చేసుకొంటున్నది. ఆవిడ ఉన్నదని తెలిసే చెప్పాము.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒత్తులు చేసే చెయ్యి ఆగలేదు. చివరికి, “ఆయనతో ఒక్క మాట చెప్పవలసింది నాయనా” అన్నది. అంతే. తిట్టలేదు, ఓదార్చలేదు. ఒత్తుల పళ్ళెం తీసుకొని లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాట నిజం. ఆ బాకీ తీర్చే దారి మాకు లేదు.

అమ్మాయి నలిపిన కాగితం తీసి, చేత్తో సాపుచేసి, మళ్ళీ మొదలుపెట్టింది.

ఈ మధ్య కాలేజీ పరీక్షలో దానికి 50కి 29 వచ్చాయి. గొప్ప మార్కులేమీ కావు. అంతకుముందు వచ్చినవి 8. మళ్ళీ ఒకనాడు నల్లబల్ల దగ్గరకు పిలిచారట. జవాబు తప్పు వచ్చిందట. అయితే ఉజ్జాయింపుకు సరిపోలేదని తనే గుర్తించి, “ఒక్క నిమిషం సార్” అని తుడిచి మళ్ళీ వేసిందట. చెవుల్లో హోరు వచ్చిందా అని అడిగాము. “వచ్చింది నాన్నా. వచ్చి పోయింది” అన్నది.

ఇప్పటికీ రాత్రిళ్ళు వసారాలో కూర్చుంటున్నాము. ముగ్గురం కనుక ‘మేము’ అనడం ఇప్పుడు లెక్కకు సరిపోయింది. చదివేవారిని కోరేది ఒక్కటే. మీ ఇంట్లో పిల్లవాడో పిల్లో ఉన్నట్టుండి చదువు వద్దు, పనిలో చేరతాను, నాలుగు డబ్బులు తెస్తాను అంటే, వెంటనే మెచ్చుకోకండి, వెంటనే తిట్టకండి. ఆ రాత్రి వాళ్ళ లెక్కల పుస్తకం ఒకసారి తెరిచి, పక్కన కూర్చోండి.